అమెరికాలో సొరోరిటీ, ఫ్రాటర్నిటీ టీషర్టులు అమ్ముతున్నారా..? ఈ లైసెన్స్ రూల్స్ తెలియకపోతే షాపు మూతే!

ఆగస్టు వచ్చిందంటే చాలు.. అమెరికా యూనివర్సిటీల్లో, ముఖ్యంగా సౌత్ స్టేట్స్‌లో 'రష్' సందడి మొదలవుతుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న అమ్మాయిలు గుంపులు గుంపులుగా డ్యాన్సులు చేసే వీడియోలు మీరూ చూసే ఉంటారు. 2021లో యూనివర్సిటీ ఆఫ్ అలబామా రష్ వీడియోలు టిక్‌టాక్‌లో ప్రపంచమంతా చుట్టేశాయి. వాటిని కాస్త జాగ్రత్తగా గమనిస్తే.. టీషర్ట్, టోపీ, బ్యాగ్, వాటర్ బాటిల్, చెవి రింగులు దేనిమీద చూసినా రెండు మూడు గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి.

ఆ అక్షరాల చుట్టూ పెద్ద బిజినెస్సే నడుస్తోంది. ఇంట్లో ఒక వినైల్ కటింగ్ మెషిన్, ఒక హీట్ ప్రెస్ ఉంటే చాలు, ఎట్సీలో షాపు తెరిచేయొచ్చు. పెట్టుబడి తక్కువ, ఆర్డర్లు గుంపుగా వస్తాయి. అందుకే సైడ్ ఇన్‌కమ్ కోసం చూసే చాలామంది కన్ను దీనిపై పడుతోంది. అమెరికాలో చదువుకుంటున్న మన స్టూడెంట్స్, ఇంటి దగ్గర ఉండి ఏదైనా చేద్దామనుకునే మహిళలు, ఇండియా నుంచే ప్రింట్ ఆన్ డిమాండ్ సైట్లలో డిజైన్లు పెట్టేవాళ్లు.. అందరికీ ఇది ఈజీగా కనిపించే దారి.

కానీ ఇక్కడే ఓ మెలిక ఉంది. ఆ అక్షరాలకు ఓనర్లు ఉన్నారు. వాళ్ల పర్మిషన్ లేకుండా ఒక్క టీషర్ట్ అమ్మినా అది ట్రేడ్‌మార్క్ కేసు కింద మారే అవకాశం ఉంది. "నేనూ ఆ సొరోరిటీ మెంబర్‌నే కదా", "వాళ్లే ఆర్డర్ ఇచ్చారు కదా" అంటే కుదరదు. మరి లైసెన్స్ ఎవరివ్వాలి? ఎలా తీసుకోవాలి? తీసుకోకపోతే ఏమవుతుంది? పూర్తి వివరాలు ఇవీ..

అసలు ఏంటీ గ్రీకు సంఘాలు?

ఫ్రాటర్నిటీ అంటే కాలేజీ అబ్బాయిల సంఘం, సొరోరిటీ అంటే అమ్మాయిల సంఘం అని స్థూలంగా చెప్పుకోవచ్చు. మన దగ్గర హాస్టల్ బ్యాచ్, కాలేజీ యూనియన్, పూర్వ విద్యార్థుల సంఘం.. ఈ మూడింటినీ కలిపితే ఎలా ఉంటుందో దాదాపు అలాంటిది. పైగా ఒకసారి చేరితే జీవితాంతం మెంబరే. పేర్లన్నీ గ్రీకు అక్షరాలతో ఉంటాయి కాబట్టి మొత్తంగా 'గ్రీక్ లైఫ్' అంటారు. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో ఈ అక్షరాల సంప్రదాయం మొదలైంది.

ఇప్పుడు వీటికి పెద్ద పెద్ద సమాఖ్యలున్నాయి. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద 26 సొరోరిటీలు ఉన్నాయి. నల్లజాతి విద్యార్థులు ఏర్పాటు చేసుకున్న తొమ్మిది సంఘాలను 'డివైన్ నైన్' అంటారు. అమెరికా మాజీ వైస్ ప్రెసిడెంట్ కమలా హ్యారిస్ హోవార్డ్ యూనివర్సిటీలో చదివేటప్పుడు 1986లో చేరిన ఆల్ఫా కప్పా ఆల్ఫా ఈ తొమ్మిదిలో ఒకటే. ఎన్నికల ప్రచారంలో ఆమె మద్దతుదారులు గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసుకుని, ముత్యాల దండలతో కనిపించడం గుర్తుందా? ఆ రంగులు, ఆ ముత్యాలు ఈ సొరోరిటీవే.

దక్షిణాసియా విద్యార్థులు పెట్టుకున్న సంఘాలూ ఉన్నాయి. సిగ్మా బీటా రో 1996లో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో మొదలైంది. డెల్టా ఎప్సిలాన్ సై అనే ఫ్రాటర్నిటీ, కప్పా ఫై గామా అనే సొరోరిటీ 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో పుట్టాయి. అదే ఏడాది హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమెగా వచ్చింది. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో కొందరు వీటిలో చేరుతుంటారు. "అమ్మా, మా వాళ్లకి ముప్పై హుడీలు కావాలంట.. నువ్వు చేసిస్తావా?" అనే ఆర్డర్ ఇలాంటి ఇళ్లలోంచే మొదలవుతుంది.

అక్షరాలకు ట్రేడ్‌మార్కా..?

చాలామందికి వచ్చే మొదటి డౌట్ ఇదే. ఆల్ఫా, బీటా, గామా అనేవి వేల ఏళ్ల నాటి అక్షరాలు. లెక్కల పుస్తకంలో కూడా ఉంటాయి. వాటికి ఓనర్ ఎవరు?

నిజమే, అక్షరానికి ఓనర్ ఉండరు. కానీ ఆ అక్షరాలను ఒక వరుసలో పెట్టి, దాన్ని ఒక సంఘం పేరుగా దశాబ్దాల తరబడి వాడితే, ఆ వరుసను చూడగానే జనానికి ఆ సంఘమే గుర్తొస్తే.. అది ట్రేడ్‌మార్క్. తెలుగులో 'ఈ', 'నా', 'డు' అక్షరాలు అందరివీ.. కానీ 'ఈనాడు' అని మాస్ట్‌హెడ్ పెట్టి పేపర్ వేస్తే ఊరుకుంటారా? ఇదీ అంతే.

అమెరికాలో ట్రేడ్‌మార్క్‌లకు ప్రధాన చట్టం 1946 నాటి లాన్‌హామ్ యాక్ట్. దీని కింద రిజిస్టర్ చేసుకున్న మార్క్‌లకు గట్టి రక్షణ ఉంటుంది. రిజిస్టర్ చేయకపోయినా వాడకం ద్వారా హక్కు వచ్చిన మార్క్‌లకు కూడా రక్షణ ఉంటుంది. సంఘాలు ఒక్క అక్షరాలతోనే ఆగవు. పూర్తి పేరు, ముద్దుపేరు, చిహ్నం, నినాదం.. ఏది తమ గుర్తుగా నిలబడిందో దాన్నల్లా కాపాడుకునే ప్రయత్నం చేస్తాయి. దుస్తులు 25వ క్లాస్, నగలు 14, కప్పులు 21, స్టిక్కర్లు 16.. ఇలా సరుకును బట్టి వేర్వేరు క్లాసుల్లో రిజిస్ట్రేషన్ జరుగుతుంది. అమెరికా పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ ఆఫీస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫ్రీగా సెర్చ్ చేసి చూసుకోవచ్చు. అమ్మకం మొదలుపెట్టే ముందు అరగంట ఈ పనికి కేటాయిస్తే చాలా తలనొప్పి తప్పుతుంది.

అక్షరాలు వేయకపోతే సేఫా?

కొందరు సెల్లర్లు వేసే తెలివైన ప్లాన్ ఇది. అక్షరాలు వేయరు. గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసి, 1908 అని ఏడాది రాసి, పక్కన ఓ ఐవీ ఆకు బొమ్మ పెడతారు. పేరు ఎక్కడా లేదు కదా అని ధీమా. ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టిన ఏడాది 1908 అని, ఐవీ ఆకు వాళ్ల గుర్తని కొనేవాళ్లందరికీ తెలుసు.

ఇలాంటి ఎత్తుగడ కోర్టులో నిలబడటం కష్టం. దీనికి దగ్గరగా ఉండే కేసు ఒకటుంది. స్మాక్ అపారెల్ అనే కంపెనీ యూనివర్సిటీల పేర్లు, లోగోలు వేయకుండా వాటి రంగులు, ఆటల స్కోర్లు, ఊరి ఆనవాళ్లతో టీషర్టులు అమ్మింది. లూసియానా స్టేట్, ఒక్లహోమా, ఒహాయో స్టేట్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. 2008లో ఐదో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు యూనివర్సిటీల పక్షాన తీర్పిచ్చింది. రంగులు, వాటితో పాటు ఉన్న ఆనవాళ్లు కలిసి ఎవరిని గుర్తు చేస్తున్నాయన్నదే చూస్తామని చెప్పింది. ఉత్త గులాబీ, ఆకుపచ్చ చారల చొక్కా అమ్ముకుంటే ఎవరూ అడగరు. దానికి ఏడాది, ఆకు, ముత్యాలు కూడా చేరాయా.. అప్పుడు కథ మారుతుంది.

చాప్టర్ ప్రెసిడెంట్ అడిగితే..?

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది దెబ్బతినేది ఈ ఒక్క పాయింట్ దగ్గరే. కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ప్రతి సంఘానికి ఒక జాతీయ ప్రధాన కార్యాలయం ఉంటుంది. యూనివర్సిటీల్లో ఉండేవి దాని శాఖలు, వాటినే చాప్టర్లు అంటారు. మార్క్‌ల మీద హక్కు ప్రధాన కార్యాలయానిది. చాప్టర్‌కు వాడుకునే వీలు ఉండొచ్చు కానీ బయటివాళ్లకు అమ్ముకునే హక్కు రాసిచ్చే అధికారం మామూలుగా ఉండదు. అంటే చాప్టర్ ప్రెసిడెంట్ స్వయంగా మెసేజ్ పెట్టి, అడ్వాన్స్ పంపి, 60 టీషర్టులు ఆర్డర్ ఇచ్చినా సరే.. మీ దగ్గర లైసెన్స్ లేకపోతే అది పర్మిషన్ లేని అమ్మకమే. చాలా సంఘాలు తమ చాప్టర్లకు కూడా లైసెన్స్ ఉన్న వెండర్ల దగ్గరే కొనాలని రూల్ పెట్టాయి.

మెంబర్‌షిప్ కూడా లైసెన్స్ కాదు. ఇరవై ఏళ్ల సీనియర్ మెంబర్ అయినా తన సొరోరిటీ అక్షరాలతో మగ్గులు అమ్మాలంటే అందరిలాగే అప్లై చేయాల్సిందే. కొంతమందికి ఇది చివుక్కుమనిపిస్తుంది. ఫీజు కట్టి చేరాం, మా సంఘం పేరు మేం వాడుకోకూడదా అంటారు. వేసుకోవచ్చు. అమ్మడానికే పర్మిషన్ కావాలి.

"లాభం తీసుకోవట్లేదు, చారిటీ కోసం" అన్నా మినహాయింపు దొరకదు. "టీషర్ట్ వాళ్లదే, నేను ప్రింట్ మాత్రమే వేశాను" అన్నా ప్రింటింగ్ కూడా డబ్బు తీసుకుని చేసిన పనే. "నేను టీషర్ట్ అమ్మలేదు, డిజైన్ ఫైల్ మాత్రమే అమ్మాను" అనే వాదన ఇంకా ప్రమాదం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని గ్రీకు అక్షరాల ఎంబ్రాయిడరీ ఫైళ్లు, కటింగ్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లు ఇది గమనించాలి. కొనేవాళ్లు అమెరికాలో ఉన్నారు, అమ్మే వేదిక అమెరికాది. కంప్లయింట్ వస్తే లిస్టింగ్ పోవడానికి మీరు ఏ దేశంలో ఉన్నారన్నది అడ్డు కాదు.

మరి ఏది ఓకే? కొత్తగా చేరిన 'లిటిల్'కు సీనియర్ 'బిగ్' తన చేత్తో ఒక చెక్క అక్షరానికి రంగులేసి గిఫ్ట్ ఇస్తే అది వ్యాపారం కాదు. అసలైన, లైసెన్స్ ఉన్న కంపెనీ తయారుచేసిన హుడీని కొని, వాడి, సెకండ్ హ్యాండ్‌గా ఉన్నది ఉన్నట్టు అమ్ముకోవడం కూడా చట్టప్రకారం ఇబ్బంది లేనిదే. దాన్ని కత్తిరించి, కుట్టి, కొత్త వస్తువుగా మార్చి అమ్మితే మాత్రం మళ్లీ ప్రశ్నలొస్తాయి.

లైసెన్స్ ఎవరిస్తారు? ఎలా?

రెండు దారులున్నాయి. చాలా ఫ్రాటర్నిటీలు, సొరోరిటీలు తమ లైసెన్సింగ్ పనిని అఫినిటీ లైసెన్సింగ్ అనే ఏజెన్సీకి అప్పగించాయి. 'గ్రీక్ లైసెన్సింగ్' పేరుతో నడిచే దాని పోర్టల్‌లో ఒకే చోట అప్లై చేసి, ఏయే సంఘాల సరుకు అమ్మాలనుకుంటున్నారో ఎంచుకోవచ్చు. ఒక అప్లికేషన్ పెట్టినంత మాత్రాన అన్ని సంఘాలూ వచ్చేయవు. ప్రతి సంఘానికి విడిగా అనుమతి, విడిగా లెక్క. రెండో దారి, సంఘమే సొంతంగా వెండర్ ప్రోగ్రామ్ నడపడం. డివైన్ నైన్‌లోని కొన్ని పెద్ద సంఘాలది ఈ పద్ధతే. అందుకని ముందు ఆ సంఘం జాతీయ వెబ్‌సైట్‌లో 'లైసెన్సింగ్' లేదా 'వెండర్స్' పేజీ చూడాలి. అక్కడ ఉన్నదే ఫైనల్. ఫేస్‌బుక్ గ్రూప్‌లో ఎవరో చెప్పినది కాదు.

అప్లికేషన్‌లో సాధారణంగా అడిగేవి.. బిజినెస్ పేరు, ట్యాక్స్ నంబర్, ఏమేం వస్తువులు చేస్తారు, ఎక్కడ అమ్ముతారు, ఎవరు తయారుచేస్తారు, శాంపిల్ డిజైన్లు. తయారీ వేరేవాళ్లతో చేయిస్తుంటే ఆ ఫ్యాక్టరీ వివరాలు కూడా అడుగుతారు. తిరుపూర్ నుంచి టీషర్టులు తెప్పించి అమ్ముదామనుకునే వాళ్లు ఈ పాయింట్ మర్చిపోకూడదు. లైసెన్స్ మీ పేరు మీద ఉన్నా, ప్రింట్ వేసే యూనిట్ వివరాలు చెప్పకుండా అక్షరాలు అక్కడే వేయించి తెస్తే చిక్కులొస్తాయి. అమెరికా కస్టమ్స్ దగ్గర తమ మార్క్‌ను నమోదు చేయించుకున్న సంఘమైతే, అనుమతి లేని సరుకును పోర్టులోనే పట్టుకునే అధికారం కస్టమ్స్ అధికారులకు ఉంది.

అప్రూవ్ అయ్యాక కాంట్రాక్ట్ వస్తుంది. ఇది చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. అసలు డబ్బు విషయాలన్నీ అందులోనే ఉంటాయి. మొదట్లో కట్టే ఫీజు, ఏటా రెన్యువల్ ఫీజు, ఆపైన అమ్మకాల మీద రాయల్టీ. రాయల్టీ అనేది లాభం మీద కాదు, అమ్మకం మీద. వంద డాలర్ల అమ్మకంలో మీకు మిగిలేది పదిహేను డాలర్లే అయినా రాయల్టీ ఆ అమ్మకం మొత్తం మీదే లెక్కిస్తారు. హోల్‌సేల్ ధర మీదా, రిటైల్ ధర మీదా, షిప్పింగ్ కలిపా కలపకుండానా అన్నది కాంట్రాక్ట్‌లో చూసుకోవాలి. టీషర్ట్ రేటు పెట్టేముందే ఈ లెక్క వేసుకోకపోతే సీజన్ అయ్యాక చేతిలో మిగిలేది దారపు ఉండలే.

మూడు నెలలకోసారి సేల్స్ రిపోర్ట్ పంపడం మామూలుగా ఉండే రూల్. ఒక్క పీస్ కూడా అమ్మకపోయినా 'జీరో' అని రిపోర్ట్ పంపాల్సి ఉంటుంది. అది పంపలేదని లైసెన్స్ పోగొట్టుకోవడం కన్నా సిల్లీ కారణం ఉండదు. లెక్కల పుస్తకాలు ఆడిట్ చేసే హక్కు కూడా సంఘానికి ఉంటుంది. దీంతోపాటు ప్రొడక్ట్ లయబిలిటీ ఇన్సూరెన్స్ అడగొచ్చు. వస్తువు వల్ల ఎవరికైనా హాని జరిగితే కేసు సంఘం మీదికి రాకుండా ఈ జాగ్రత్త. ప్రతి ప్యాకెట్ మీదా, వెబ్‌సైట్‌లోనూ అధికారిక లైసెన్స్ గుర్తు వేయాలి.

ఇవన్నీ ఇంట్లో నాలుగు మగ్గులు చేసుకునే వాళ్లకు భారమే. చేత్తో చేసి తక్కువ సంఖ్యలో అమ్మేవాళ్ల కోసం 'క్రాఫ్టర్' తరహా చిన్న లైసెన్స్ కూడా ఉంది. షరతులు ఎక్కువ, ఖర్చు తక్కువ. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు పెద్ద వెండర్ లైసెన్స్ వైపు వెళ్లేముందు ఈ ఆప్షన్ అడిగి చూడటం మంచిది. ఒక్క సంఘంతో, రెండు వస్తువులతో మొదలుపెట్టి ఒక రష్ సీజన్ చూస్తే మార్కెట్ ఉందో లేదో తెలిసిపోతుంది.

డిజైన్ కూడా చూపించాల్సిందే

లైసెన్స్ చేతికొచ్చింది కదా అని ఇష్టమొచ్చినట్టు వేయడానికి లేదు. ప్రతి డిజైన్‌నూ అప్‌లోడ్ చేసి అప్రూవల్ తీసుకోవాలి. మద్యం, డ్రగ్స్, అసభ్య బొమ్మలు, ర్యాగింగ్‌ను గుర్తుచేసేవి దాదాపు ఎక్కడా పాస్ కావు. రంగు షేడ్ తేడా ఉన్నా, చిహ్నంలో ఒక నక్షత్రం తక్కువైనా వెనక్కి పంపుతారు. బిడ్ డేకి రెండు రోజుల ముందు ఆర్డర్ తీసుకుంటే అప్రూవల్ ఎప్పుడొస్తుంది, ప్రింట్ ఎప్పుడవుతుంది? కస్టమర్‌కు డేట్ చెప్పేముందు ఈ టైమ్ కూడా కలుపుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. గ్రీకు లైసెన్స్ గ్రీకు మార్క్‌లకు మాత్రమే. టీషర్ట్ మీద యూనివర్సిటీ పేరో, మస్కాట్ బొమ్మో వేశారంటే యూనివర్సిటీ లైసెన్స్ విడిగా కావాలి. చాలా పెద్ద యూనివర్సిటీలకు ఈ పని చూసేది కాలేజియేట్ లైసెన్సింగ్ కంపెనీ, 1981 నుంచి ఈ రంగంలో ఉంది. అలాగే కార్టూన్ క్యారెక్టర్లు, బీర్ కంపెనీ లోగోను మార్చి వేసిన పేరడీలు, సింగర్ల టూర్ పోస్టర్ స్టైల్.. కాలేజీ టీషర్టుల్లో ఇవి తెగ నడుస్తాయి. వాటి ఓనర్లు వేరు. సొరోరిటీ ఓకే చెప్పినా వాళ్లు ఓకే చెప్పినట్టు కాదు.

కోర్టులు ఏమన్నాయి?

ఈ విషయంలో అమెరికా కోర్టుల తీర్పులన్నీ ఒకే దిక్కున లేవు. అందుకే ఇంటర్నెట్‌లో "ఫలానా కేసులో షాపు ఓనరే గెలిచాడు" అనే మాటలు కనిపిస్తుంటాయి. అవి అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు.

ఒకప్పుడు ఫ్రాటర్నిటీ నగల వ్యాపారంలో మసాచుసెట్స్‌లోని ఎల్‌జీ బాల్ఫోర్ కంపెనీదే రాజ్యం. సంఘాలతో 'అధికారిక జ్యువెలర్' ఒప్పందాలు చేసుకుని మిగతావాళ్లకు చోటు లేకుండా చేసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు నడిపింది. 1971లో అప్పీల్స్ కోర్టు కూడా కమిషన్ వాదనను చాలావరకు సమర్థించింది. ఇప్పుడు ఒక్క కంపెనీకి గుత్తగా ఇవ్వకుండా చాలామంది వెండర్లకు లైసెన్సులిచ్చే పద్ధతి కనిపిస్తోంది.

డల్లాస్ క్యాప్ అండ్ ఎంబ్లమ్ అనే కంపెనీ హాకీ టీముల చిహ్నాలను గుడ్డ ముక్కల మీద ఎంబ్రాయిడరీ చేసి అమ్మింది. 1975లో ఐదో సర్క్యూట్ కోర్టు టీముల వైపు నిలబడింది. చిహ్నం కోసమే జనం కొంటున్నారు, ఆ చిహ్నం టీమ్‌ది అని. ఐదేళ్లకు కాలిఫోర్నియా వైపు ఉండే తొమ్మిదో సర్క్యూట్ అందుకు భిన్నంగా మాట్లాడింది. జాబ్స్ డాటర్స్ అనే యువతుల సంఘం చిహ్నంతో లిండెబర్గ్ అనే జ్యువెలర్ లైసెన్స్ లేకుండా నగలు చేసి అమ్మాడు. తాము మెంబర్లమని చూపించుకోవడానికి కొంటున్నారే తప్ప, ఆ నగను సంఘమే తయారు చేయించిందని నమ్మి కొనడం లేదని 1980లో కోర్టు జ్యువెలర్‌కు అనుకూలంగా చెప్పింది. ఇంటర్నెట్‌లో అందరూ చూపించే కేసు ఇదే. అయితే అదే కోర్టు 2006లో ఫోక్స్‌వ్యాగన్, ఆడి లోగోల కీచైన్ల కేసులో ఆ మాట పరిధిని బాగా తగ్గించేసింది. పాత తీర్పును పట్టుకుని ఇప్పుడు షాపు తెరవడం అంటే పాత మ్యాప్ పట్టుకుని కొత్త హైవే ఎక్కినట్టే.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది టెక్సస్‌లోని లబ్బక్ కేసు. ప్యాడిల్ ట్రాంప్స్ అనే వ్యాపారం 1961 నుంచి గ్రీకు అక్షరాలతో అలంకరణ చెక్క తెడ్లు, వాటికి కావాల్సిన సామగ్రి అమ్ముతోంది. లైసెన్స్ తీసుకోమని సంఘాలు అడిగినా ఓనర్ తీసుకోలేదు. చివరికి 32 గ్రీకు సంఘాలు ఒకవైపు, ఆయన ఒక్కడూ ఒకవైపు నిలబడ్డారు. దశాబ్దాల పాటు చూస్తూ ఊరుకుని ఇప్పుడు అడిగితే ఎలా అన్న వాదనకు జ్యూరీ ఒప్పుకుంది. మార్క్‌లతో ప్రకటనలు వేసుకునే విషయంలో కోర్టు కొన్ని ఆంక్షలు పెట్టింది కానీ వ్యాపారాన్ని ఆపలేదు. 2013లో ఐదో సర్క్యూట్ కూడా అదే ఖాయం చేసింది. ఆయన్ను కాపాడింది సంఘాలు చేసిన ఆలస్యమే. పోయిన నెలలో షాపు పెట్టినవాళ్లకు ఆ కవచం ఉండదు.

2024 నవంబర్‌లో పెన్ స్టేట్ యూనివర్సిటీ, వింటేజ్ బ్రాండ్ అనే కంపెనీ మధ్య కేసులో కూడా జ్యూరీ యూనివర్సిటీ వైపే మొగ్గింది. పాతకాలం నాటి బొమ్మలు వాడుకున్నాం అంతే అన్న వాదన నిలబడలేదు.

పట్టుబడితే ఏమవుతుంది?

చాలాసార్లు కోర్టు దాకా వెళ్లదు. ముందు లిస్టింగ్ మాయమవుతుంది. సంఘమో, ఏజెన్సీనో ఎట్సీకి, అమెజాన్‌కు కంప్లయింట్ పెడతారు. ప్లాట్‌ఫామ్ వెంటనే తీసేస్తుంది. ఇలా పదేపదే జరిగితే మొత్తం షాపునే మూసేస్తుంది. ఆ షాపులో మీరు అమ్మే బొమ్మల కొలువు డెకరేషన్లు, పెళ్లి రిటర్న్ గిఫ్టులు, వేరే ఏవున్నా అన్నీ పోయినట్టే. సంపాదించుకున్న రివ్యూలు కూడా.

ఇంకో విషయం.. కాపీరైట్ కంప్లయింట్‌కు కౌంటర్ నోటీస్ పంపే పద్ధతి చట్టంలో ఉంది. ట్రేడ్‌మార్క్ కంప్లయింట్‌కు అలాంటి చట్టబద్ధమైన దారి లేదు. కంప్లయింట్ పెట్టినవాళ్లతోనే మాట్లాడి తేల్చుకోవాలి.

ఆ తర్వాతి మెట్టు లాయర్ నోటీస్. అమ్మకం ఆపండి, ఇప్పటిదాకా ఎంత అమ్మారో లెక్క చెప్పండి అని ఉంటుంది. దాన్ని స్పామ్ అనుకుని వదిలేయడం, కోపంతో రిప్లై కొట్టడం రెండూ నష్టమే. లిస్టింగులు ఆపేసి, ఆర్డర్ల రికార్డులు ఒక్కటి కూడా డిలీట్ చేయకుండా దాచి, ట్రేడ్‌మార్క్ లాయర్‌కు చూపించాలి. మొదటి నోటీస్ దగ్గరే ఆపేసినవాళ్లకు రాజీకి అవకాశం ఎక్కువ. లైసెన్స్ తీసుకోవడానికి ఒప్పుకుంటే పాతది మాఫీ చేసే సందర్భాలూ ఉంటాయి.

కోర్టుకెక్కితే అంకెలు భయపెడతాయి. రిజిస్టర్డ్ మార్క్‌కు నకిలీ వేసి అమ్మినట్టు తేలితే.. అసలు నష్టం ఎంతో రుజువు చేయకుండానే ఒక్కో మార్క్‌కు, ఒక్కో రకం సరుకుకు 1,000 డాలర్ల నుంచి 2,00,000 డాలర్ల దాకా పరిహారం వేసే వీలు చట్టంలో ఉంది. కావాలనే చేశారని తేలితే అది 20,00,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు. ఎంత వేయాలన్నది కోర్టు ఇష్టం. నోటీస్ వచ్చాక కూడా అమ్మడం 'కావాలనే చేశారు' అనడానికి సూటి సాక్ష్యం.

వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి

ట్రేడ్‌మార్క్ లైసెన్స్ వచ్చినంత మాత్రాన అమెరికాలో వ్యాపారం చేసే అర్హత వచ్చినట్టు కాదు. మనవాళ్లకు అసలు రిస్క్ ఇక్కడే ఎక్కువ.

ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్న విద్యార్థి ఆథరైజేషన్ లేకుండా ఆన్‌లైన్ షాపు నడపడం అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. రూమ్‌లో కూర్చుని వీకెండ్‌లో ప్రింట్ చేసినా సరే. చదువు పూర్తయ్యాక వచ్చే ఓపీటీలో సొంత వ్యాపారానికి వీలుంది కానీ అది మీరు చదివిన సబ్జెక్ట్‌కు సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చదివి హుడీలు అమ్ముతామంటే అతకదు. స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లోనైతే అసలైన యజమాని ఉండాల్సిందే. హెచ్-1బీ వాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పనిచేయాలి. హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్తకు ఈఏడీ కార్డు ఉంటే సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు, లేకపోతే కుదరదు. షాపు భార్య పేరు మీద పెట్టి పనంతా హెచ్-1బీ భర్త చేయడం కూడా తెలివైన పని కాదు. ఆర్డర్లు, పేమెంట్లు, ట్యాక్స్ పేపర్లు అన్నీ రికార్డే. గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ నాటికి అవి బయటికొస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. షాపు తెరిచే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగడం ఉత్తమం.

మిగతా పేపర్లు

సిటిజన్లు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు, ఈఏడీ ఉన్నవాళ్లకు మిగతావి అంత కష్టం కాదు. సొంత పేరు మీదైనా, ఎల్‌ఎల్‌సీ పెట్టుకునైనా వ్యాపారం రిజిస్టర్ చేసుకోవాలి. రాష్ట్రం నుంచి సేల్స్ ట్యాక్స్ పర్మిట్ కావాలి. టెక్సస్‌లో ఈ పర్మిట్‌కు ఫీజు లేదు. రూల్స్ రాష్ట్రానికో రకం. టెక్సస్‌లో టీషర్ట్ మీద సేల్స్ ట్యాక్స్ ఉంది, న్యూజెర్సీలో మామూలు దుస్తులకు మినహాయింపు, ఒరెగాన్‌లో సేల్స్ ట్యాక్సే లేదు. ఎట్సీ, అమెజాన్‌లో అమ్మితే ట్యాక్స్ వాళ్లే వసూలు చేసి కట్టేస్తారు. సొంత వెబ్‌సైట్‌లో గానీ క్యాంపస్‌లో స్టాల్ పెట్టి గానీ అమ్మితే ఆ పని మీదే.

బట్టలకు ఫెడరల్ లేబుల్ రూల్ ఒకటుంది. ఏ నూలు ఎంత శాతం, ఏ దేశంలో తయారైంది, ఎవరు తయారుచేశారు లేదా దిగుమతి చేశారు అన్నది లేబుల్ మీద ఉండాలి. ప్లెయిన్ టీషర్ట్ కొని మెడ దగ్గర లేబుల్ పీకేసి సొంత బ్రాండ్ ట్యాగ్ కుడితే ఆ వివరాలన్నీ మళ్లీ వేయాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది. ఇక సంఘాల కన్వెన్షన్లలో స్టాల్ పెట్టాలంటే మామూలు లైసెన్స్ సరిపోకపోవచ్చు, ఆ ఈవెంట్‌కు విడిగా వెండర్ పర్మిషన్ అడుగుతారు. ఆగస్టు సీజన్‌కు అమ్మాలనుకుంటే అప్లికేషన్ వేసవి మొదలవకముందే వేసేయాలి. అప్రూవల్, కాంట్రాక్ట్, డిజైన్ ఓకే అయ్యేసరికి వారాలు గడిచిపోతాయి.